బిడ్డ థీసిస్... బాపు లెక్క

‘చదువు అయిపోయిందంటివి గద, మళ్లీ ఈ రాసుడేంది బిడ్డా?’

దుబాయ్‌లోని ఓ క్యాంపులో మంచమ్మీద కూర్చుని ఫోన్లో ఓ తండ్రి అడిగిన ప్రశ్న ఇది. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. పదిహేడేళ్లుగా గల్ఫ్‌లో మేస్త్రీ పని. కూతురు బ్యాంకు అప్పుతో బ్రిటన్ వెళ్లి ‘సమకాలీన చైనా అధ్యయనం’లో ఎంఏ చేసింది. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. కానీ వాళ్ల అనుభవం పిల్లల్ని పైచదువులకు పంపుతున్న మనందరికీ పనికొచ్చేదే.

బ్రిటన్‌లో ఎంఏ సాధారణంగా ఏడాది కోర్సు. క్లాసులు అయిపోయాక వేసవంతా థీసిస్‌కే. పది నుంచి పదిహేను వేల పదాలు రాయాలి. పుస్తకాల్లో ఉన్నది ఎత్తి రాస్తే చెల్లదు. ఒక ప్రశ్న వేసుకోవాలి. దానికి ఆధారాలతో జవాబు చెప్పాలి. దారి చూపడానికి ఒక గైడ్ ఉంటారు. ‘సైటు మీద ఫోర్‌మన్ లెక్కనే బాపూ. గోడ ఆయన కట్టడు. వంకర పోతే మాత్రం ఒప్పుకోడు’ అని కూతురు చెబితే గానీ తండ్రికి సంగతి అర్థం కాలేదు.

మొదట ఆమె ఎంచుకున్న అంశం ‘చైనా ఆర్థికాభివృద్ధి’. గైడ్ ఒక్కమాటలో కొట్టేశారు. ‘ఇది మూడు నెలల పని కాదు, ముప్పై ఏళ్ల పని. చిన్నది చెయ్యి’ అన్నారు. అప్పుడామె వలస కూలీల వైపు మళ్లింది.

చైనాలో వలస అంటే ఎక్కువగా దేశం లోపలి వలసే. 2024 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం పల్లె మూలాలున్న ఇలాంటి కార్మికులు దాదాపు 30 కోట్ల మంది. వాళ్ల కాళ్లకు బంధం ‘హుకౌ’. 1958లో చట్టంగా వచ్చిన కుటుంబ నమోదు పద్ధతి అది. పల్లెలో నమోదైన మనిషి పట్నంలో ఇరవై ఏళ్లు పనిచేసినా, పిల్లల బడి దగ్గర్నుంచి ఆస్పత్రి దాకా చాలా హక్కులు సొంతూరితోనే ముడిపడి ఉండేవి. 2003లో గ్వాంగ్‌జౌలో సున్ జిగాంగ్ అనే యువకుడు, తాత్కాలిక నివాస పత్రం దగ్గర లేదని పట్టుకెళ్తే నిర్బంధంలో చనిపోయాడు. దేశమంతా గగ్గోలు పుట్టింది. అదే ఏడాది ఆ నిర్బంధ పద్ధతిని రద్దు చేశారు. 2014లో ‘వ్యవసాయ, వ్యవసాయేతర’ అనే తేడా తీసేస్తామని ప్రకటించారు. అయినా బీజింగ్, షాంఘై లాంటి మహానగరాల్లో నమోదు దొరకడం ఇప్పటికీ కష్టమే. అకామా కోసం తిప్పలుపడ్డ మనవాళ్లకు ఈ బాధ విడమర్చి చెప్పాలా?

బడి దొరకదు, ఖర్చు భరించలేరు. అందుకే ఎంతోమంది పిల్లల్ని ఊళ్లోనే వదిలి పోతారు. ఈ పిల్లల మీదే రాస్తానంది అమ్మాయి. చైనా వెళ్లి పిల్లల్ని పలకరించడం కుదరదు. అనుమతులు కావాలి, టైం చాలదు. గైడ్ సలహా మీద, అచ్చయిన లెక్కలు, ప్రభుత్వ పత్రాలే ఆధారంగా పెట్టుకుంది. అక్కడే తప్పటడుగు పడింది.

2010 జనగణన ఆధారంగా అఖిల చైనా మహిళా సమాఖ్య 2013లో చెప్పిన లెక్క: ఊళ్లలో మిగిలిపోయిన పిల్లలు 6.1 కోట్లు. 2016లో ప్రభుత్వం చెప్పిన లెక్క: 90 లక్షలు. ‘ఆరేళ్లలో ఎంత మార్పు!’ అని ఉత్సాహంగా ఒక అధ్యాయం రాసేసింది. గైడ్ ఎర్రసిరాతో ఒకటే ప్రశ్న రాసి తిప్పి పంపారు: ‘ఎవరిని లెక్కపెట్టారు?’

మళ్లీ మొదటికొచ్చింది. రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టి చదివింది. మొదటి లెక్కలో 18 ఏళ్లలోపు పిల్లలు. తల్లీతండ్రుల్లో ఒక్కరు వలసపోయినా చాలు. రెండో లెక్కలో 16 ఏళ్లలోపు వాళ్లే. ఇద్దరూ పోయి ఉండాలి, లేదా ఉన్న ఒక్కరూ పిల్లల్ని చూసుకోలేని స్థితిలో ఉండాలి. పిల్లలు ఇళ్లకు చేరి సంఖ్య తగ్గిందని చెప్పడానికి ఈ రెండు లెక్కలూ చాలవు. ముందు నిర్వచనమే మారింది. ఆ అధ్యాయం మొత్తం తీసేసి కొత్తగా రాసింది. నెల రోజుల పని పోయింది. థీసిస్‌కు మాత్రం అసలు ప్రశ్న దొరికింది: లెక్క మారితే ఎవరు కనబడకుండా పోతారు?

ఆ రాత్రి తండ్రికి ఫోన్‌ చేసి ఇదంతా చెప్పింది. ఆయన కాసేపు పలకలేదు. ‘మీ అమ్మ ఇంటికాడనే ఉండె గద. గట్లయితే ఆ రెండో లెక్కల నువ్వు లేనట్టేనా బిడ్డా?’ అన్నాడు.

‘లేను బాపూ’ అంది.

ఈ మాట థీసిస్‌లో పెట్టొచ్చా అని గైడ్‌ను అడిగింది. ‘నీ ఊరి సంగతి చైనాకు ఆధారం కాదు. ఈ ప్రశ్న నీకెందుకు తట్టిందో ముందుమాటలో నాలుగు లైన్లు రాయి. మిగతాదంతా చైనా పత్రాలే మాట్లాడాలి’ అన్నారు. అలాగే చేసింది. గడువులోపే ఇచ్చేసింది.

మన పిల్లలకు ఆమె చెప్పే మాటలు ఇవీ. అంశం చిన్నదిగా ఎంచుకోండి. ఏ అంకె దొరికినా, ఎవరు ఎలా లెక్కపెట్టారో చూడకుండా రాయొద్దు. చదివినప్పుడే పుస్తకం పేరు, పేజీ నంబరు రాసిపెట్టుకోండి. చైనా భాష కొంతైనా రాకుండా ఈ చదువులో ముందుకు పోవడం కష్టం. 2023 నుంచి అక్కడి పెద్ద పరిశోధనా భాండాగారం సీఎన్‌కేఐలో కొన్ని విభాగాలు బయటి దేశాల వాళ్లకు అందడం లేదు. కాబట్టి ఏ ఆధారాలు దొరుకుతాయో చూసుకున్నాకే అంశం ఖాయం చేసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, రాసింది బాగాలేదని గైడ్‌కు మొహం చాటేయొద్దు. బాగాలేనిదే ముందు చూపించాలి.

తల్లిదండ్రులకూ ఒక మాట. ‘ఎప్పుడైపోతది’ అని ఒక్కటే అడగకండి. ‘ఈ వారం ఏం రాసినవ్’ అనీ అడగండి.

థీసిస్ ఇచ్చేసిన రోజు ఆ తండ్రి ముందుమాట ఫోన్లోనే చదివించుకున్నాడట. విని, తన లెక్క తాను చెప్పాడు. ‘నీకు ఆరేండ్లప్పుడు ఈడికొచ్చిన. ఎనిమిదిసార్లు ఇంటికొచ్చిన, ఒక్కోపాలి రెండు నెలలు. అంతా కలిపితే పదహారు నెలలు బిడ్డా. గిది నేను లెక్కపెట్టింది, తప్పుండదు.’