కంచె లేని చెరసాలలో తల్లులు

చెరసాల అనగానే మన కళ్ళ ముందు ఎత్తయిన గోడలు, ఇనుప తలుపులు, తుపాకి పట్టుకొన్న కాపలావాడు కనబడతారు. అమెరికా దేశములోని వెస్ట్ వర్జీనియా కొండల మధ్య ఆల్డర్సన్ అనే చిన్న ఊరున్నది. అక్కడి స్త్రీల జైలుకు అలాంటి గోడ లేదు. దానిని ‘క్యాంపు’ అంటారు. ఫెడరల్ చట్టములు, అంటే ఆ దేశపు కేంద్ర ప్రభుత్వ చట్టముల క్రింద శిక్ష పడినవారిలో హింసకు దిగని స్త్రీలను, శిక్షలో పదేళ్ళకంటె తక్కువ మిగిలినవారిని సాధారణముగా ఇలాంటి క్యాంపులకు పంపుతారు. మోసము, పన్ను ఎగవేత, మత్తుమందుల వ్యాపారములో పాలు, ఇటువంటి నేరములు ఎక్కువ.

ఆల్డర్సన్ 1927లో ప్రారంభమైనది. ఆ దేశములో స్త్రీలకే ప్రత్యేకముగా కట్టిన మొదటి ఫెడరల్ జైలు అదే. మొదటి అధికారిణి మేరీ బెల్ హారిస్. శిక్షకంటె చదువు, పని మనిషిని బాగు చేస్తాయని నమ్మిన స్త్రీ. అందుకే గదుల వరుసలకు బదులు ఇళ్ళవంటి కాటేజీలు కట్టించారు. ఒక్కొక్క దానిలో సుమారు ముప్పైమంది, వారికొక వంటగది. అయితే తెల్లవారిని, నల్లవారిని వేరువేరు కాటేజీలలో ఉంచారన్నది కూడా ఆ చరిత్రలో భాగమే.

2004 అక్టోబరులో మార్తా స్టీవర్ట్ అనే పేరుపొందిన వ్యాపారవేత్త ఇక్కడికే వచ్చి ఐదు నెలలు గడిపింది. వాటాల అమ్మకము విషయములో దర్యాప్తు అధికారులకు అబద్ధము చెప్పినందుకు ఆ శిక్ష. పత్రికలవారు ఈ జైలును ‘కప్ కేక్ క్యాంపు’ అని ఎగతాళి చేశారు. ఆ పేరు పెట్టినవారిలో ఎవరూ తమ బిడ్డను గేటు బయట వదలి లోపలికి నడిచి ఉండరనుకుంటాను.

న్యాయమూర్తి అనుమతిస్తే స్త్రీ తానే, చెప్పిన తేదీన జైలుకు వెళ్ళి లొంగిపోవచ్చు. తరచుగా ఇంటివారే కారులో దింపుతారు. రాళ్ళు లేని పెళ్ళి ఉంగరము, కళ్ళజోడు వంటి కొద్ది వస్తువులు తప్ప ఏమీ వెంట ఉండనివ్వరు. వేలిముద్రలు, ఫోటో తీస్తారు. బట్టలన్నీ విప్పించి సోదా చేస్తారు. చాలామందికి మొదటి దినమున కన్నీళ్ళు తెప్పించేది ఇదే. తరువాత జైలు బట్టలు, ఒక నంబరు ఇస్తారు.

దినచర్య కఠినము కాదు, కాని తనది కాదు. ప్రతివారికీ పని ఉంటుంది: వంటశాల, తోట, శుభ్రము చేయడము, మరమ్మతులు. మామూలు పనులకు గంటకు 12 నుండి 40 సెంట్లు. సబ్బు, షాంపూ, టీపొడి, ఫోను ఖర్చు ఆ డబ్బుతోనే సరిపెట్టుకోవాలి, లేదా ఇంటినుండి ఎవరైనా పంపాలి. సాయంత్రము నాలుగింటికి ప్రతివారు తమ మంచము ప్రక్కన నిలబడాలి, లెక్క చూస్తారు. రాత్రి నిద్రలో కూడా టార్చి వేసి లెక్కపెడతారు. చాప్లిన్ ఉంటారు, ఆరాధన, బైబిలు తరగతులు జరుగుతాయి. ఇతర మతములవారికి కూడా ఏర్పాట్లుంటాయి.

కంచె లేకపోతే పారిపోరా అని అడుగుతారు. పారిపోతే అది మరొక నేరము, ఐదేళ్ళవరకు అదనపు శిక్ష పడవచ్చు. ఆ తరువాత కంచె ఉన్న జైలుకే పంపుతారు. ఇంటికి త్వరగా చేరాలనుకొనే తల్లికి ఆ అడవి దారి ఇంటికి దారి కాదు.

అసలు శిక్ష మరొకటి ఉన్నది. మన దేశములో జైలులోని తల్లి ఆరేళ్ళలోపు బిడ్డను తన దగ్గర ఉంచుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రతివాదిగా ఉన్న ఒక వ్యాజ్యములో 2006లో సుప్రీంకోర్టు ఇందుకు నియమములు ఏర్పరచింది. అక్కడి ఫెడరల్ జైలులో ఆ వీలు లేదు. గర్భిణి బయటి ఆసుపత్రిలో ప్రసవిస్తుంది. బిడ్డను బంధువులకో, పెంచేవారికో అప్పగించి తాను తిరిగి రావాలి. కొద్దిమందికి మాత్రము బయట ఒక గృహములో బిడ్డతో కొన్ని నెలలు ఉండే ఏర్పాటున్నది. గర్భిణులకు, ప్రసవించినవారికి సంకెళ్ళు వేయరాదని, అరుదైన సందర్భములు మినహాయించి, 2018లో చట్టము వచ్చినది. ఖైదీని వీలైనంతవరకు ఇంటికి 500 మైళ్ళలోపే ఉంచాలని కూడా అదే చట్టము చెబుతున్నది. 500 మైళ్ళంటే మన విశాఖపట్నమునుండి చెన్నైకి ఉన్నంత దూరము. స్త్రీల జైళ్ళు తక్కువ గనుక ఆ హద్దు కూడా అందరికీ అందదు.

ఫోను ఒక్కసారికి పదిహేను నిమిషములే. చూడ వచ్చేవారి పేర్లు ముందే ఆమోదము పొందాలి. వచ్చినప్పుడు ఒకసారి, వెళ్ళేటప్పుడు ఒకసారి కౌగిలించుకోవచ్చు.

క్యాంపైనా, కంచె ఉన్నదైనా, మరొక భయము కూడా చెప్పక తప్పదు. అంతకు ముందు పదేళ్ళలో స్త్రీలను ఉంచిన ఫెడరల్ జైళ్ళలో కనీసము మూడింట రెండు వంతుల చోట్ల సిబ్బంది ఖైదీలపై లైంగిక దౌర్జన్యము చేశారని 2022లో ఆ దేశపు సెనేట్ ఉపసంఘము తేల్చింది. కాలిఫోర్నియాలోని డబ్లిన్ జైలు అధికారికే శిక్ష పడినది, 2024లో ఆ జైలునే మూసివేశారు. కనుక లోపలనున్న స్త్రీ ఏదైనా చెప్పబోతే ఇంటివారు ‘ఊరుకో, పరువు పోతుంది’ అనకూడదు. రాసి పెట్టుకొని వకీలుకు చెప్పాలి.

వెళ్ళకముందే ఇంటిలో తేల్చుకోవలసినవి ఉన్నాయి. బిడ్డలు ఎవరి దగ్గర ఉంటారు, బడిలో, ఆసుపత్రిలో సంతకము ఎవరు పెడతారు, ఆ అధికారము కాగితముపై ఉన్నదా? ముఖ్యమైన ఫోను నంబర్లు కంఠస్థము చేసుకోవాలి. బిడ్డలకు ‘అమ్మ ఊరికి వెళ్ళింది’ అని చెప్పడము నాకు నచ్చదు. ఆ మాట వీధిలో ఎవరో ఒకరు విప్పుతారు, అప్పుడు బిడ్డకు తల్లితోపాటు ఇంటిలోని పెద్దలు కూడా దూరమవుతారు. వయస్సుకు తగిన మాటలలో నిజమే చెప్పాలి: అమ్మ తప్పు చేసింది, శిక్ష ఉన్నది, ఫలానా నెలలో వస్తుంది.

1987 నవంబరు తరువాత చేసిన నేరములకు ఫెడరల్ జైళ్ళలో పెరోలు లేదు. మంచి నడవడికకు ఏడాదికి 54 దినములవరకు తగ్గుతాయి. చివరి నెలలలో చాలామందిని ‘హాఫ్‌వే హౌస్’కు పంపుతారు. పగలు ఉద్యోగము వెదుక్కొని రాత్రికి అక్కడికే రావాలి. కొందరికి ఆ కాలము ఇంటివద్దనే గడుస్తుంది. అనుమతి లేనిదే గుమ్మము దాటకూడదు, కాని పిల్లలను బడికి సిద్ధము చేసి పంపవచ్చు.