గొట్టాలకు గార పట్టకుండా...

బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టడం చాలా ఇళ్లలో చూసేదే. గీజరు విప్పితే లోపలి కాయిల్‌కీ అదే తొడుగు. నాలుగు బకెట్లు కాచుకునే ఇంట్లోనే ఇలా ఉంటే, సముద్రపు నీటిని కాచి ఊళ్లకు ఊళ్లకే మంచినీళ్లిచ్చే కర్మాగారాల మాటేమిటి?

బతుకుతెరువు కోసం కరీంనగర్ నుంచో కడప నుంచో గల్ఫ్‌కు వెళ్లినవాళ్లకు ఆ నీళ్లు కొత్తేమీ కాదు. అక్కడి పెద్ద ప్లాంట్లలో ఉప్పునీటిని 90 నుంచి 110 డిగ్రీల దాకా వేడిచేసి, పీడనం తగ్గించిన గదుల్లోకి వరసగా వదులుతారు. గదిలోకి రాగానే నీటిలో కొంత చటుక్కున ఆవిరైపోతుంది. ఆ ఆవిరి చల్లటి గొట్టాలకు తగిలి మంచినీరవుతుంది.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. గల్ఫ్‌లో ఇంకా ఎక్కువే. విచిత్రమేమిటంటే, తంటా తెచ్చేది మనం కూరలో వేసుకునే ఉప్పు కాదు, అది నీళ్లలో కరిగే ఉంటుంది. నీరు వేడెక్కితే బైకార్బొనేట్లు విడిపోయి కాల్షియం కార్బొనేట్... అంటే సున్నపురాయి సరుకే, గొట్టాలకు అంటుకుంటుంది. వేడి ఇంకా పెరిగితే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ తోడవుతుంది. ఈ రెండూ ఆమ్లంతో కడిగితే వదులుతాయి. అసలు మొండిఘటం కాల్షియం సల్ఫేట్! పంచదార వేడినీళ్లలో బాగా కరుగుతుంది కదా, ఇది అందుకు పూర్తిగా విరుద్ధం. వేడెక్కేకొద్దీ కరగడం తగ్గి బయటపడుతుంది. పట్టిందంటే ఆమ్లానికీ ఓ పట్టాన లొంగదు. అందుకే నీటి వేడికి గీత గీసి, అది దాటనివ్వరు. గార మందమైతే వేడి నీటికి చేరదు, ఇంధనం దండగ.

నీటిలో ముందే సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే బైకార్బొనేట్ల బెడద తీరుతుంది. కానీ మోతాదు తప్పితే లోహాన్నే తినేస్తుంది. పాలీఫాస్ఫేట్లు వాడితే 90 డిగ్రీలు దాటాక పాడైపోతాయి. తర్వాత వచ్చిన పాలిమర్ మందులు లీటరుకు కొద్ది మిల్లీగ్రాములు చాలు. పుట్టీపుట్టని స్ఫటికాలను పట్టుకుని ఎదగనివ్వవు. ఇక స్పాంజి బంతుల ఉపాయం ముచ్చటైనది. గొట్టం కన్నా కాస్త లావుండే రబ్బరు స్పాంజి బంతుల్ని నీటితోపాటు వదులుతారు. అవి ఇరుక్కుంటూ, గోడలు రుద్దుకుంటూ అవతలికి వస్తాయి. జల్లెడలో పట్టి మళ్లీ వదలడమే. ప్లాంటు ఆపే పనే లేదు.

అసలు కాచకుండా ఉంటే? లక్షద్వీప్‌లోని కవరత్తిలో 2005లో చెన్నైకి చెందిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ చేసింది అదే. గాలి తీసేసిన గదిలోకి సముద్రం పైనుండే గోరువెచ్చటి నీటిని పంపితే దానంతటదే ఆవిరవుతుంది. దాన్ని చల్లార్చడానికి సుమారు 350 మీటర్ల లోతు నుంచి చన్నీళ్లు తోడతారు. రోజుకు లక్ష లీటర్ల సామర్థ్యంతో కట్టారు. మరిగించడం లేదు కాబట్టి గార గొడవ దాదాపు లేనట్టే. అక్కడ కష్టమంతా ఆ పొడవాటి గొట్టాన్ని సముద్రంలో దించి నిలబెట్టడంలోనే.