జేబులో పట్టే అడవి

రాత్రి పదకొండు దాటి, ఇంట్లో లైట్లన్నీ ఆరిపోయాక, గది మూలనున్న పంజరంలో గుడ్డ సంచి కదులుతుంది. ముందు రెండు పెద్ద నల్లకళ్లు, తర్వాత గులాబీరంగు ముక్కు, ఆ వెనక నుదుటి నుంచి వీపు మీదుగా నల్లచార ఉన్న బూడిదరంగు ఒళ్లు బయటికొస్తాయి. తూకం వేస్తే మగది నూటయాభై గ్రాములకు అటూఇటూ, ఆడది ఇంకా తేలిక. కమ్మీలు పట్టుకుని పైకి పాకుతుంది, చక్రం ఎక్కి పరుగు మొదలుపెడుతుంది. కాసేపటికి మొరుగుతుంది కూడా. ఆగి ఆగి, ఒక్కోసారి చాలాసేపు. షుగర్ గ్లైడర్‌ని తెచ్చుకున్న ఇంట్లో ఇది రోజూ రాత్రి జరిగేదే.

రీల్స్‌లో ఇదంతా కనిపించదు. పరదా మీంచి అరచేతిలోకి దూకడం, చొక్కా జేబులోంచి తొంగిచూడటం, వేలికి అంటిన తేనె నాకడం... అంతే చూపిస్తారు. అది చూసి ముచ్చటపడని వాళ్లుండరు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై లాంటి నగరాల్లో ఈ బుల్లి జీవిని కొనుక్కునే కుర్రకారు అలా ముచ్చటపడినవాళ్లే. వాళ్లను తప్పుపట్టడం ఈ కథనం ఉద్దేశం కాదు. కానీ ఈ ప్రాణికి రాత్రి కావాలి, తనలాంటి తోడు కావాలి, చెట్టు జిగురు కావాలి. మనమేమో పగలు తిరిగేవాళ్లం, ఒక్కదాన్నే తెస్తాం, ఆపిల్ ముక్కలు పెడతాం. ఈ ఎడాన్ని పూడ్చగలమనుకుంటేనే దాన్ని ఇంటికి తేవాలి.

ఉడుత కాదు, కంగారూ చుట్టం

మన నల్లమలలో, పాపికొండల్లో చెట్టు నుంచి చెట్టుకు తేలుతూ వెళ్లే ఎగిరే ఉడుత ఉంది. షుగర్ గ్లైడర్ ఫొటో చూపిస్తే చాలామంది అదే అనుకుంటారు. నిజానికి రెండింటికీ చుట్టరికం లేదు. మనది అచ్చమైన ఉడుత, ఎలుకల కుదురుకు చెందింది. షుగర్ గ్లైడర్ కంగారూ, కోలాలతో పాటు కడుపు సంచిలో పిల్లను పెంచే జాతి. ఒళ్లంటుకుని ఉండే ఆ పల్చటి చర్మపు పొర రెండింటిలోనూ వేర్వేరుగానే పుట్టుకొచ్చింది. గ్లైడర్‌కి ముందుకాలి చిటికెనవేలి దగ్గర మొదలై వెనకకాలి బొటనవేలి దాకా ఉంటుందది. కాళ్లు నాలుగూ చాపి దూకితే ఒక మీటరు కిందికి దిగేలోపు దాదాపు 1.8 మీటర్లు ముందుకు సాగుతుంది. అలా యాభై మీటర్లు తేలిపోగలదు. ఆ దూరానికి తగిన శరీరం మన గదిలో పంజరం పైకప్పు నుంచి కిందికి దూకి సరిపెట్టుకోవాలి.

దీని పుట్టుక ఇంకా ఆశ్చర్యం. తల్లి కడుపులో ఉండేది పదహారు రోజులే. పుట్టినప్పుడు పిల్ల బరువు గ్రాములో అయిదో వంతు, చూడటానికి ఓ బియ్యపుగింజంత. కళ్లు తెరవకుండానే తల్లి బొచ్చు పట్టుకుని పాకి సంచిలోకి చేరుతుంది. అక్కడ డెబ్భై రోజులు. బయటికొచ్చాక కూడా గూట్లో తల్లి పాలమీదే ఉంటుంది, ఆ రోజుల్లో దాన్ని వెచ్చగా ఉంచే పనిలో తండ్రి కూడా పాలుపంచుకుంటాడు. పాలు మానేది నాలుగో నెలకు. అమ్మేవాళ్లు ‘చిన్నప్పుడే తీసుకుంటే బాగా అలవాటవుతుంది’ అంటారు. ఆ మాట నమ్మి పాలు మానని పిల్లను తెచ్చుకోవద్దు. తల్లి నుంచి అంత తొందరగా విడదీసిన పిల్లను బతికించడం అనుభవజ్ఞులకే కష్టం.

షుగర్ గ్లైడర్ అనగానే ఆస్ట్రేలియా అంటాం. తమ వన్యప్రాణులను వ్యాపారానికి ఎగుమతి చేయడానికి ఆస్ట్రేలియా ఒప్పుకోదు. మరి ప్రపంచమంతా ఇన్ని ఎలా వచ్చాయి? అమెరికాలో ఇళ్లలో ఉన్న గ్లైడర్ల జన్యువులను పరిశీలిస్తే వాటి మూలం ఇండొనేషియాలోని పశ్చిమ పపువా అని 2019లో తేలింది. ఆ మరుసటి ఏడాది, అంతవరకూ ఒకే జాతి అనుకున్న ఆస్ట్రేలియా గ్లైడర్లను శాస్త్రవేత్తలు మూడు జాతులుగా విడదీశారు. అసలు షుగర్ గ్లైడర్ ఉండేది ఆ దేశపు తూర్పు తీరంలోనే.

తుమ్మ జిగురు రుచి

తుమ్మచెట్టు బెరడు మీద ముద్దలు కట్టే బంకను గీకి తినడం మన పల్లెల్లో చాలామందికి చిన్ననాటి జ్ఞాపకమే. ఆ చెట్టు ఆస్ట్రేలియా బంధువుల మీదే గ్లైడర్ బతుకుతుంది. కింది పళ్లతో బెరడు గీరి, కారే జిగురును నాకుతుంది. నీలగిరి చెట్ల జీవరసం, పూలలోని మకరందం, పుప్పొడి కూడా దాని ఆహారమే. వేసవిలో పురుగులు దొరికినప్పుడు ఎక్కువగా వాటినే తింటుంది. ఆ జిగురును పులియబెట్టి అరిగించుకోవడానికి దాని పేగుల్లో ఓ పొడవాటి తిత్తి ఉంది.

ఇలాంటి జీర్ణవ్యవస్థ ఉన్నదానికి ద్రాక్షలు, ఆపిల్, బ్రెడ్డు పెడితే తింటుంది. ఇష్టంగా కూడా తింటుంది. చిక్కంతా అక్కడే ఉంది. తీపి దొరికితే మిగతాది వదిలేస్తుంది. పళ్లలో చాలావాటిలో ఫాస్ఫరస్ కంటే కాల్షియం తక్కువ, పెంపకందారులు విరివిగా పెట్టే మీల్‌వర్మ్ పురుగుల్లోనూ అంతే. ఒంటికి కావలసిన కాల్షియాన్ని అది తన ఎముకల్లోంచే తీసుకోవడం మొదలుపెడుతుంది. కొన్ని నెలలకు ఎక్కడం తగ్గిస్తుంది, దూకడం మానేస్తుంది, ఓ పొద్దున వెనకకాళ్లు ఈడ్చుకుంటూ కనిపిస్తుంది. అప్పటిదాకా ‘బాగా తింటోంది’ అని సంతోషపడిన ఇంట్లోవాళ్లకు ఏం జరిగిందో అర్థం కాదు. మొదట్లోనే గుర్తిస్తే కాల్షియం, సరైన తిండి, విశ్రాంతితో చాలావరకు కోలుకుంటుంది. ఆలస్యమైతే లేవదు. గ్లైడర్లలో పశువైద్యులు తరచూ చూసే జబ్బుల్లో ఇదొకటి, నివారించడానికి వీలున్నది కూడా.

అందుకే తిండి విషయంలో సొంత ప్రయోగాలు వద్దు. లెడ్‌బీటర్స్ మిశ్రమం అని ఒకటి చాలాకాలంగా వాడుకలో ఉంది. గోరువెచ్చని నీళ్లు, తేనె, ఉడికించిన గుడ్డు, పసిపిల్లల సిరియల్, విటమిన్-ఖనిజాల పొడి కలిపి మిక్సీ పట్టి, ఐస్ ట్రేలో గడ్డకట్టించి రోజుకు కొంత కరిగించి పెడతారు. దానికి తోడుగా పురుగులు తినే జంతువులకోసం తయారుచేసే దాణా, కాల్షియం పొడి చల్లిన కీచురాళ్లు. పళ్లూ కూరగాయలూ పదోవంతుకు మించకూడదు. బొప్పాయిలో కాల్షియం పాలు నయం, ఓ చిన్న ముక్క పెట్టొచ్చు. తుమ్మ జిగురు పొడిని నీళ్లలో కలిపి కొమ్మలకు రాస్తే, దాన్ని గీరుకుని తింటూ రాత్రంతా కాలక్షేపం చేస్తుంది. మన బజార్లో దొరికే సరుకుల్లో దాని సొంత అడవికి ఇంతకంటే దగ్గరైనది లేదు. చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, అవకాడో దరిచేరనివ్వకూడదు.

ఇంట్లోకి గుడ్డు కూడా రానివ్వని కుటుంబాలు మనలో ఎన్నో. అలాంటి ఇంట్లో గ్లైడర్ వద్దనే నా సలహా. పాలూ పండ్లతో అది బతకదు.

జంటగా తెస్తేనే

అడవిలో గ్లైడర్లు ఏడు దాకా పెద్దవి, వాటి పిల్లలు కలిసి ఒకే చెట్టుతొర్రలో ఒకదానిమీదొకటి ముడుచుకుని పడుకుంటాయి. మగదాని నుదుటి మీద బొచ్చులేని మచ్చలా కనిపించేది వాసన గ్రంథి. దాన్ని తోటివాటి ఒంటికి రుద్ది అందరికీ ఒకే వాసన అంటిస్తుంది, ఆ వాసనతోనే తనవాళ్లెవరో గుర్తుపడుతుంది. ఇలాంటి ప్రాణిని ఒంటరిగా పంజరంలో పెట్టి, పగలు కాలేజీకో ఆఫీసుకో వెళ్లి, రాత్రి మనం నిద్రపోతే దానికి మిగిలేదేమీ లేదు. ముందు తిండి మానేస్తుంది. తర్వాత బొచ్చు పీక్కుంటుంది. కొన్ని తమ తోకను, కాళ్లను తామే కొరుక్కుంటాయి. గ్లైడర్ గురించి తెలిసిన ఏ వైద్యుడైనా రెండింటిని కలిపి పెంచమనే చెబుతాడు. ఆడా మగా అయితే మగదానికి ఆపరేషన్ చేయించాలి, లేదంటే పిల్లలు పెరిగి వాటిని ఎవరికివ్వాలో తోచక తలపట్టుకుంటారు.

పంజరం ఎత్తుగా ఉండాలి. రెండింటికి కనీసం రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. కమ్మీల మధ్య సందు అరంగుళం దాటితే దూరిపోతాయి. తిరిగే చక్రానికి మధ్యలో ఇరుసు ఉండకూడదు, తోక చుట్టుకుంటుంది. పడుకోవడానికి రెండు మూడు గుడ్డ సంచులు, కొరకడానికి కొమ్మలు. ఫలానా చోటే మలమూత్రాలు విసర్జించాలని నేర్పడం కుదరదు, రోజూ కడుక్కోవలసిందే.

వాతావరణం గురించి అమ్మేవాళ్లు చెప్పరు. 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ దీనికి హాయి. 31 దాటితే ఇబ్బంది పడుతుంది. మే నెలలో విజయవాడలో, రామగుండంలో ఎండ ఎంత ఉంటుందో మనకు తెలియనిది కాదు. పగలంతా కరెంటు పోయినా ఆ గది చల్లగా ఉండే ఏర్పాటు ఉందా? ఇక చలి పెరిగితే మరో ప్రమాదం. శక్తి మిగుల్చుకోవడానికి గ్లైడర్ ఒంటి వేడిని తగ్గించుకుని మొద్దునిద్రలోకి జారుతుంది. ముట్టుకుంటే చల్లగా, కదలికే లేకుండా ఉంటుంది. ఆదిలాబాద్ చలికాలపు పొద్దున అలా చూస్తే చచ్చిపోయిందనుకోవడం ఖాయం. అరచేతుల మధ్య ఒంటికి ఆనించుకుని మెల్లగా వెచ్చబరిచి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఆ డాక్టరు ఎవరన్నది ముందే తెలిసి ఉండాలి. కుక్కలూ పిల్లులూ చూసే వైద్యులందరికీ నూటయాభై గ్రాముల ప్రాణికి మత్తు ఎంత ఇవ్వాలో అనుభవం ఉండదు. విదేశీ పెంపుడు జంతువులను చూసేవాళ్లు మీ ఊళ్లో లేకపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల్లో వాకబు చేయండి. జంతువును తెచ్చాక కాదు, తేకముందే.

దొడ్డిదారిన వచ్చేవి

మన వన్యప్రాణి చట్టం భారతీయ జంతువులను పెంచుకోనివ్వదు, గ్లైడర్ విదేశీది కాబట్టి ఏ ఇబ్బందీ లేదని అంగళ్లలో చెబుతారు. అది సగం నిజం. బతికున్న విదేశీ జంతువును దిగుమతి చేసుకోవాలంటే కేంద్రం లైసెన్సు కావాలి, క్వారంటైన్ పరీక్షలు దాటాలి. బ్యాంకాక్ నుంచి వచ్చే ప్రయాణికుల పెట్టెల్లో కుక్కిన రకరకాల విదేశీ జీవులను మన విమానాశ్రయాల కస్టమ్స్ అధికారులు ఎన్నోసార్లు పట్టుకున్నారు. దారిలో చచ్చిపోయినవి లెక్కలోకి రావు. అందుకే అమ్మేచోట 2018 నాటి పెట్‌షాప్ నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ ఉందా అని అడగాలి, ఇక్కడే పుట్టిందంటే దాని తల్లిదండ్రులను చూపించమనాలి, బిల్లు తీసుకోవాలి. దాటవేస్తే వెనక్కి వచ్చేయాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు మరో లెక్క. టెక్సాస్‌లో పెంచుకోవచ్చు, కాలిఫోర్నియా, హవాయి, అలాస్కాలలో నిషేధం. ఉద్యోగం మారి డాలస్ నుంచి బే ఏరియాకు వెళ్లాల్సి వస్తే గ్లైడర్‌ని వెంట తీసుకెళ్లలేరు.

విసుగొచ్చిందని చెట్టుమీద వదిలేయడం ఇంకా ఘోరం. 1835 ప్రాంతంలో ఆస్ట్రేలియా ప్రధాన భూభాగం నుంచి గ్లైడర్లను టాస్మేనియా దీవికి తీసుకెళ్లారు. ఈనాడు అక్కడ అవి చెట్టుతొర్రల్లో గుడ్లమీద పొదుగుతున్న స్విఫ్ట్ చిలుకలను చంపి తింటున్నాయి. ఆ చిలుక ప్రపంచంలో అంతరించిపోయే అంచున ఉంది. మన దగ్గర వదిలేసిన గ్లైడర్ అంత హాని చేయకముందే కాకికో పిల్లికో దొరికిపోతుంది.

ఇవన్నీ విన్నాక కూడా పెంచాలనే ఉంటే, కొత్తది కొనడం కన్నా ఎవరో వదిలించుకోవాలనుకుంటున్న జంటను తీసుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. మంచి పోషణలో గ్లైడర్ పది, పన్నెండేళ్లు బతుకుతుంది. ఇంటర్‌లో ఉండగా తెచ్చుకున్న అబ్బాయి ఇంజినీరింగ్ పూర్తిచేసి, ఎమ్మెస్‌కి వెళ్లి, పెళ్లి చేసుకునేసరికి కూడా అది బతికే ఉంటుంది. మధ్యలో చాలామంది ఆగలేక చేతులు మారుస్తారు. అలాంటి వాటికి ఇల్లు కావాలి.

ఇచ్చేవాళ్లను మొహమాటపడకుండా అడగండి. వయసెంత? ఇప్పటిదాకా ఏం తిన్నాయి? మగదానికి ఆపరేషన్ అయిందా? ఎప్పుడైనా కాళ్లు పడిపోయాయా? వీలైతే చీకటి పడ్డాక వెళ్లి, అవి ఎలా ఎక్కుతున్నాయో, దూకుతున్నాయో కళ్లారా చూడండి. తిండి ఒక్కసారిగా మార్చకుండా రెండు మూడు వారాల్లో పాతదాంట్లో కొత్తది కలుపుతూ పోవాలి. మొదటివారంలోనే మల పరీక్ష చేయించాలి. దగ్గరికి వెళ్లగానే గర్రుమని అరిచి, లేచి నిలబడి కరవబోతాయి. అది భయం, కోపం కాదు. చెయ్యి పెట్టి లాగకండి. అవి పడుకున్న సంచిని పగటిపూట మెడకు తగిలించుకుని మీ పని మీరు చేసుకోండి, మీ వాసన, మీ గొంతు వాటికి అలవాటవ్వాలి. దీనికి వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. మరొక్కటి: పాత ఇంట్లో అవి పడుకున్న సంచిని ఉతక్కుండా అలాగే తెచ్చుకోండి. కొత్త ఇంట్లో మొదటి రాత్రి వాటికి తెలిసిన వాసన అదొక్కటే.