చంపింది ఎవరు? తిన్నది ఎవరు?

పొద్దు పొడిచింది. గుట్ట కింద ఒక గొర్రె చచ్చి పడి ఉంది. దాని పక్కన ఒక దుమ్ములగొండి నిలబడి బొక్కలు కొరుకుతున్నది. ఇప్పుడు చెప్పండి. ఆ గొర్రెను చంపింది ఎవరు?

"ఇంకెవరు? దుమ్ములగొండే! కళ్లారా చూస్తున్నాం కదా!" అని మనం చటుక్కున అంటాం.

కాని మనం చూసింది తినటం మాత్రమే. చంపటం మనం చూడలేదు. చంపటం వేరు, తినటం వేరు. ఈ తేడా తెలియక లోకమంతా చాలా కాలం ఒక జంతువును దొంగ అన్నది. ముందు ఆ సంగతి తెలుసుకుందాం. అది ఆఫ్రికాలో జరిగింది. తరువాత మన నల్లమలకు, మన గుట్టలకు వద్దాం.

సింహానికి, హైనాకు పగ ఎందుకు?

ఆఫ్రికా మనకు పడమర దిక్కున, సముద్రం అవతల ఉన్న పెద్ద ఖండం. అక్కడ టాంజానియా, కెన్యా అనే దేశాలు ఉన్నాయి. ఆ దేశాలలో కంటికి ఆనినంత దూరం గడ్డి మైదానాలే. జింకలు, చారల గుర్రాలు మందలు మందలుగా మేస్తుంటాయి. వాటిని వేటాడి బతికే జంతువులలో రెండు పెద్దవి. ఒకటి సింహం. రెండోది చుక్కల దుమ్ములగొండి. దుమ్ములగొండినే హైనా అని కూడా అంటారు.

పెద్ద మగ సింహం 180 కిలోల పైన తూగుతుంది. చుక్కల హైనా 50, 60 కిలోలు ఉంటుంది. ఒక్కదానికి ఒక్కటి ఎదురు పడితే హైనా నిలవలేదు. అందుకే హైనాలు గుంపు కడతాయి. కొన్ని గుంపులలో 80 దాకా హైనాలు ఉంటాయి. ఆ గుంపులో పెత్తనం ఆడవాటిదే. ఆడ హైనా మగ హైనా కంటే పెద్దగా ఉంటుంది. తల్లికి గుంపులో ఏ స్థానం ఉంటే బిడ్డకు దాని తరువాతి స్థానం దక్కుతుంది.

సింహాలు, హైనాలు తినేది ఒకే రకం జంతువులను. తిరిగేది ఒకే చోట. ఒకే బావి మీద రెండు ఇండ్లవాళ్లు బతికితే కొట్లాట రాకుండా ఉంటుందా? ఇక్కడా అంతే. హైనాలు ఒక జింకను పడగొడితే సింహం వచ్చి గుంజుకుంటుంది. సింహాలు పడగొడితే హైనాలు చుట్టూ మూగి అరుస్తాయి. సందు దొరికితే గుంజుకుంటాయి. సింహం హైనాను పట్టుకుంటే చంపుతుంది. కాని సాధారణంగా దాన్ని తినదు. అక్కడే వదిలి పోతుంది. హైనాలు కూడా ఒంటరిగా దొరికిన సింహం పిల్లలను చంపుతాయి. ఆకలి కోసమే అయితే చంపినదాన్ని తినాలి కదా! తిండిలో పోటీ వచ్చే జంతువును లేకుండా చేయటం ఇది.

బోట్స్వానా అనే దేశంలో శాస్త్రవేత్తలు ఈ కొట్లాటను దగ్గరగా చూశారు. హైనాలు ఆడ సింహాలకు నాలుగింతలు ఉన్నప్పుడు వాటి తిండిని గుంజుకోగలిగాయి. అయితే పెద్ద మగ సింహం అక్కడ ఉంటే మాత్రం వాటి ఆటలు సాగలేదు.

రాత్రి చూస్తే తెలిసిన నిజం

వెనుకటి రోజులలో అడవి చూడటానికి పోయేవాళ్లు పగటిపూట పోయేవాళ్లు. పొద్దుగాల సింహం దర్జాగా కూర్చుని తింటూ కనపడేది. చుట్టూ హైనాలు కాచుకుని ఉండేవి. "సింహం రాజు. వేటాడింది. ఈ హైనాలు దొంగలు. ఎంగిలి కోసం వచ్చాయి" అని అందరూ అనుకున్నారు. పుస్తకాలలోనూ అట్లనే రాశారు.

1960ల తరువాత ఆ మాట మారింది. హాన్స్ క్రూక్ అనే శాస్త్రవేత్త టాంజానియాకు పోయాడు. అక్కడి గోరోంగోరో అనే లోయలో, సెరెంగెటి అనే మైదానంలో ఆయన హైనాల వెంట తిరిగాడు. హైనాలు ఎక్కువగా వేటాడేది రాత్రిపూట. అందుకని ఆయన కూడా వెన్నెల రాత్రులలో వాటి వెంట పోయాడు. అప్పుడు అసలు సంగతి బయటపడింది. గోరోంగోరోలో హైనాలే గుంపుగా తరిమి జింకలను, చారల గుర్రాలను పడగొడుతున్నాయి. ఆ చప్పుడు విని సింహాలు వచ్చి గుంజుకుంటున్నాయి. తెల్లారేసరికి సింహం తింటూ ఉంటుంది. వేటాడిన హైనాలు ఆకలితో చుట్టూ నిలబడి ఉంటాయి.

పొద్దుగాల చూసినవాళ్లకు సగమే కనపడింది. ఆ సగం చూసి తీర్పు చెప్పారు. క్రూక్ 1972లో పుస్తకం రాసి ఈ సంగతి లోకానికి చెప్పాడు.

మన అడవిలో ఎవరెవరు ఉన్నారు?

మన తెలంగాణ అడవులలో సింహాలు లేవు. మన దేశంలో అవి గుజరాత్ రాష్ట్రంలో గిర్ అడవి వైపు మాత్రమే ఉన్నాయి. మన అడవికి పెద్ద పులి.

అచ్చంపేట మీదుగా మన్ననూరు దాటితే నల్లమల అడవి. దేవరకొండ వైపు నుంచి కృష్ణ ఒడ్డుకు పోయినా ఆ అడవే తగులుతుంది. 1983లో ఈ ప్రాంతాన్ని నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. తెలంగాణ రాష్ట్రం వచ్చిన తరువాత, 2015లో, మన వైపు భాగం అమ్రాబాద్ పులుల రక్షిత ప్రాంతం అయింది. దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఆ భాగం 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. కొంత అడవి నల్లగొండ జిల్లాలో ఉంది. చెంచులు తరతరాలుగా ఈ అడవిలోనే బతుకుతున్నారు.

ఇక్కడ కూడా తిండికి పోటీ ఉంది. పులి అందరికంటే బలమైనది. చిరుత పులికి ఎదురు నిలవదు. పులి తిరిగే చోటు నుంచి పక్కకు తప్పుకుంటుంది. అడవి అంచులకు, గుట్టలకు చేరుతుంది. అక్కడ దానికి మేకలు, గొర్లు, కుక్కలు కంటబడతాయి. రేచుకుక్కలు గుంపుగా వేటాడతాయి. అడవి దాటి మైదానంలోకి వస్తే తోడేళ్లు గొర్రెపిల్లలను ఎత్తుకు పోతాయి. అంటే మంద మీద కన్ను వేసేది ఒక్క జంతువు కాదు.

మన దుమ్ములగొండి సంగతి

మన దుమ్ములగొండి ఆఫ్రికా హైనా వంటిది కాదు. దాని ఒంటి మీద చుక్కలు ఉండవు, చారలు ఉంటాయి. ముందు భాగం ఎత్తుగా, వెనుక భాగం కిందికి వాలి ఉంటుంది. మెడ నుంచి వీపు మీదుగా జూలు ఉంటుంది. భయపడితే ఆ జూలు నిక్కబొడుస్తుంది. అప్పుడు ఉన్నదాని కంటే పెద్దగా కనపడుతుంది.

ఇది పెద్ద గుంపు కట్టదు. ఒంటరిగానో, జతగానో తిరుగుతుంది. అందుకే పులితో కొట్లాట పెట్టుకోదు. పులి తిని పోయేదాకా కాచుకుంటుంది. పగలంతా గుట్టల సొరికెలలో, రాతి గుహలలో పడుకుంటుంది. రాత్రి వాసన పట్టుకుని బయలుదేరుతుంది. చచ్చిన పశువులే దానికి ముఖ్యమైన తిండి.

దుమ్ములు అంటే బొక్కలు. మనం గొడ్డలితో కొట్టవలసిన బొక్కను అది దవడతో పలగ్గొడుతుంది. దాని కడుపులో బొక్క కూడా అరిగిపోతుంది. బొక్కలలోని సున్నం వల్ల దాని మలం ఎండితే తెల్లగా ఉంటుంది.

అది జీవాలను అసలే ముట్టదని కాదు. ఒక్కోసారి మేకపిల్లను, కుక్కను పట్టుకుంటుంది. కాని చచ్చిన ప్రతి గొర్రెకు అదే కారణం అనటం తప్పు.

జాడ చూసి పోల్చవచ్చు

గొర్రె చచ్చినప్పుడు జాడలు మాట్లాడతాయి. మందను కాసేవాళ్లకు వీటిలో కొన్ని తెలిసే ఉంటాయి.

గొంతు: పులి, చిరుత ఎక్కువగా గొంతు పట్టి ఊపిరి ఆడకుండా చంపుతాయి. గొంతు మీద లోతైన పంటి గాట్లు ఉంటాయి. కుక్కలు అయితే కాళ్ల మీద, తొడల మీద, చాలా చోట్ల కరుస్తాయి.

రక్తం: బతికి ఉండగా కరిస్తే గాటు చుట్టూ చర్మం కింద రక్తం గడ్డ కడుతుంది. చచ్చిన తరువాత కొరికితే అట్లా గడ్డ కట్టదు. పశువుల డాక్టరు దీన్ని చూసి చెప్పగలడు.

అడుగులు: పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. నేల మీద గోటి గుర్తు పడదు. కుక్క, తోడేలు, దుమ్ములగొండి అడుగులలో గోటి గుర్తు పడుతుంది. దుమ్ములగొండి ముందు కాలి అడుగు పెద్దది, వెనుక కాలి అడుగు చిన్నది.

విషం ఎవరిని చంపుతుంది?

ఒక గొర్రె పోయిందంటే ఆ ఇంటికి చిన్న నష్టం కాదు. పిల్లల చదువు, పండుగ ఖర్చు, అప్పు తీర్చటం, అన్నీ మంద మీదనే. ఆ కోపంలో కొందరు చచ్చిన గొర్రె మీద పురుగుల మందు చల్లుతారు. "ఎవరు తిన్నారో వాళ్లే వచ్చి చస్తారు" అనుకుంటారు.

కాని చంపిన చిరుత మళ్లీ ఆ గొర్రె దగ్గరికి రావచ్చు, రాకపోవచ్చు. దుమ్ములగొండి వస్తుంది. నక్క వస్తుంది. కాకులు, గద్దలు వస్తాయి. మన మంద కాసే కుక్క కూడా వస్తుంది. అవన్నీ చస్తాయి. వానకు ఆ మందు వాగులో కలిస్తే మన జీవాలే ఆ నీళ్లు తాగుతాయి.

2015 డిసెంబరులో కెన్యాలోని మసాయి మారాలో ఇట్లనే జరిగింది. సింహాలు ఆవులను చంపాయని పశువుల కాపరులు చచ్చిన ఆవుకు విషం పెట్టారు. దాన్ని తిని సింహాలు చచ్చాయి. వాటిలో 17 ఏండ్ల ముసలి ఆడ సింహం కూడా ఉంది. రాబందులు కూడా చచ్చాయి. రాబందులు ఏ ఆవునూ చంపలేదు.

మన రాబందుల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. ఒకప్పుడు ఊరి బయట పశువు చస్తే గుంపులుగా దిగేవి. పశువులకు నొప్పి తగ్గటానికి డైక్లోఫెనాక్ అనే మందు వాడేవాళ్లు. ఆ మందు పడిన పశువు చస్తే, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడయ్యేవి. 1990ల నుంచి దేశమంతటా రాబందులు చాలావరకు అంతరించాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. రాబందులు పోయిన తరువాత చచ్చిన పశువుల దగ్గర ఊరకుక్కలు పెరిగాయి. కుక్కలు పెరిగితే కుక్కకాటు భయం పెరుగుతుంది. బొక్కతో సహా తిని నేలను శుభ్రం చేసే దుమ్ములగొండిని కూడా పోగొట్టుకుంటే నష్టం మనకే.

మనం ఏం చేయాలి?

రాత్రిపూట జీవాలను బయట వదలకూడదు. దొడ్డికి ఎత్తైన, గట్టి ముళ్లకంచె వేయాలి. చిరుత పైనుంచి దూకగలదు. అందుకని వీలైతే పైకప్పు కూడా ఉండాలి.

చచ్చిన పశువులను ఇండ్ల దగ్గర, దొడ్డి దగ్గర పడవేయకూడదు. ఆ వాసనకు అడవి జంతువులు ఊరి దాకా వస్తాయి.

అడవి జంతువు గొర్రెను చంపితే దాన్ని కదిలించకూడదు. వెంటనే ఫారెస్టు బీట్ ఆఫీసరుకు చెప్పాలి. ఫోటో తీసి పెట్టుకోవాలి. ఫారెస్టువాళ్లు, పశువుల డాక్టరు వచ్చి చూసి రాస్తారు. దాన్ని బట్టి అటవీ శాఖ నష్టపరిహారం ఇస్తుంది. మందు చల్లితే పరిహారం రాదు సరికదా, కేసు అవుతుంది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం పులిని, చిరుతను చంపినవారికి 3 నుంచి 7 సంవత్సరాల దాకా జైలు పడుతుంది.

పశువు చచ్చినచోట కనపడిన జంతువే చంపిందని తీర్పు చెప్పకండి. గొంతు చూడండి. అడుగులు చూడండి. తెలిసినవాళ్లను పిలవండి. తరువాతనే మాట అనండి.

ఆలోచించండి, చర్చించండి

1. గోరోంగోరోలో హైనాలను దొంగలని ఎందుకు అనుకున్నారు? నిజం ఎట్లా తెలిసింది?

2. మీ ఊరి దగ్గర ఏయే అడవి జంతువులు తిరుగుతాయి? వాటి అడుగులను మీరు గుర్తు పట్టగలరా?

3. మీ ఊరిలో చచ్చిన పశువులను ఎక్కడ వేస్తున్నారు? ఆ చోటు సరైనదేనా?

4. మీ ఊరి ఫారెస్టు బీట్ ఆఫీసరు పేరు, ఫోను నంబరు అడిగి తెలుసుకోండి. మీ నోటు పుస్తకంలో రాసుకోండి.