బండి లైటు మసకా? కంటి చూపు మసకా?



ఆరోగ్య పత్రికలో మోటారు సైకిలు బల్బు గురించి ఎందుకని మీరు అడుగవచ్చు. రాత్రి డ్యూటీలో క్యాజువాలిటీలో మేము తరచుగా వినే మాట ఒకటుంది: "ఎదురు బండి లైటు కళ్ళల్లో కొట్టింది సిస్టర్, ఏమీ కనబడలేదు." ఆ మాట చెప్పుకోగల స్థితిలో అందరూ రారు. మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం వెళ్ళే 42వ జాతీయ రహదారి మీద, దాని నుండి పల్లెలకు చీలే దారుల మీద, తెల్లవారకముందే టమోటా బండ్లు, పాల క్యాన్లు, కుప్పంలో బెంగళూరు రైలు అందుకోవలసినవారి బైకులు తిరుగుతుంటాయి. ఊరు దాటితే వీధి దీపాలు ఉండవు. గనుక "లైటు చాలడం లేదు, పెద్ద బల్బు వేసుకుందాం" అనుకోవడం సహజమే. ఆ బల్బులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇంటికే వస్తున్నాయి. స్క్రూడ్రైవరు ఉంటే చాలు, పది నిమిషాల పని. కాని ఆ పది నిమిషాల పని వలన ఏమేమి జరుగుతుందో తెలుసుకొని చేయడం మంచిది.

మన దగ్గర ఎక్కువగా తిరిగే 100, 125 సీసీ బండ్లలో హాలోజన్ బల్బు ఉన్నవాటికి చాలావరకు కంపెనీ ఇచ్చేది 12 వోల్టుల, 35/35 వాట్ల బల్బు. ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, ఒకటి డిమ్‌కు, ఒకటి హై బీమ్‌కు. ఆ స్థానంలో కార్లకు వాడే 60/55 వాట్ల బల్బు వేస్తారు. దాని అంచు అమరిక కాస్త వేరు గనుక కొందరు ఆకురాయితో అరగదీసి దూర్చుతారు కూడా. 35 వాట్ల బల్బు సుమారు 3 ఆంపియర్ల కరెంటు తీసుకుంటే 60 వాట్లది 5 తీసుకుంటుంది. తేడా రెండే కదా అనిపిస్తుంది. కాని కరెంటు రెట్టింపు అయితే తీగలో పుట్టే వేడి నాలుగింతలు అవుతుంది. ఆ లెక్కన 3 నుండి 5కు పోయేసరికే అదే సన్నని తీగలో దాదాపు మూడింతల వేడి. 100 వాట్ల బల్బుల సంగతి చెప్పనక్కరలేదు. ముందు హోల్డరు రంగు మారుతుంది, తరువాత మెత్తబడి కరుగుతుంది, ఒక రాత్రి రోడ్డు మధ్యలో ఫ్యూజు పోయి లైటు ఒక్కసారిగా ఆరిపోతుంది. ఫ్యూజు మాటిమాటికి పోతోందని అక్కడ రాగి తీగ చుట్టేవారున్నారు. ఆ పని ఎన్నడూ చేయకండి. ఫ్యూజు కాలవలసిన చోట వైరింగ్ కాలుతుంది, ఆ వైరింగ్ పోయేది పెట్రోలు ట్యాంకు కిందనుండే.

ఇంకొక సంగతి. 2017 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను తిరిగినంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. "అన్నా, లైటు వెలుగుతోంది" అని వేళ్ళు ఆడించి చెప్పే మంచివారు ఇప్పటికీ కనబడుతుంటారు! అంటే పెద్ద బల్బు వేస్తే ఆ వేడి రాత్రికే కాదు, మే నెల మిట్టమధ్యాహ్నం కూడా ఉంటుంది. బ్యాటరీ నీరసించి పొద్దున సెల్ఫ్ పట్టదు. పాత బండ్లు కొన్నింటికి లైటు కరెంటు బ్యాటరీ నుండి కాక ఇంజను తిరిగితే పుట్టే కాయిల్ నుండి వస్తుంది. వాటికి పెద్ద బల్బు వేస్తే, మెల్లగా పోయేటప్పుడు వెలుగు పెరగకపోగా తగ్గుతుంది.

ఎల్‌ఈడీ బల్బు అయితే కరెంటు తక్కువే తీసుకుంటుంది కదా అంటారు. అది నిజమే, చిక్కు వేరొక చోట ఉంది. హెడ్‌లైటు డూమ్ లోపల మెరిసే గిన్నెను, ఫిలమెంటు సరిగ్గా ఎక్కడ ఉంటుందో లెక్కగట్టి తయారు చేస్తారు. డిమ్ ఫిలమెంటు కింద చిన్న రేకు ఒకటి ఉండి, వెలుగు గిన్నె కింది భాగానికి తగలకుండా, అక్కడి నుండి పైకి ఎగజిమ్మకుండా ఆపుతుంది. హాలోజన్ డూమ్‌లో ఎల్‌ఈడీ దూర్చితే వెలుగు పుట్టే చోటు మారిపోయి, కిరణాలు చెదరిపోతాయి. చింతచెట్టు కొమ్మలు బాగా కనబడతాయి, ముందున్న గుంత కనబడదు. నడిపేవానికి మాత్రం అంతా తెల్లగా ఉంది గనుక బాగా కనబడుతోందని అనిపిస్తుంది, వేగం పెంచుతాడు. కంపెనీ నుండే ఎల్‌ఈడీతో వచ్చిన బండ్లకు ఈ మాట వర్తించదు. వాటి డూమ్ దాని కోసమే చేసినది.

ఎదుటివారి కంటికి ఏమవుతుంది?

చీకటికి అలవాటుపడిన కంట్లో కంటిపాప పెద్దదై ఉంటుంది. ఒక్కసారిగా వెలుగు పడితే అది ముడుచుకుంటుంది, కంటి వెనుక పొర కూడా కొంతసేపు పని చేయదు. బండి దాటిపోయాక చూపు తిరిగి కుదురుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి ఒక సెకనుకు సుమారు 14 మీటర్లు పోతుంది. 3 సెకన్లంటే 40 మీటర్లకు పైగా కళ్ళు మూసుకొని నడిపినట్లే. ఆ 40 మీటర్లలోనే రోడ్డు పక్క ఆపిన ట్రాక్టరు ట్రాలీ ఉంటుంది, పడుకున్న పశువు ఉంటుంది, సాయంకాల కూటం ముగించుకొని నడిచి వచ్చే కుటుంబం ఉంటుంది. యాభై దాటినవారికి, శుక్లాలు మొదలైనవారికి ఈ కుదురుకునే సమయం ఇంకా ఎక్కువ. ఎదురు లైటు కొట్టినప్పుడు దానివైపు చూడక, వేగం తగ్గించి, రోడ్డు ఎడమ అంచు చూస్తూ పొండి. మనం కూడా ఎదుట బండి కనబడగానే డిమ్ చేయాలి. చలికాలపు పొగమంచులో హై బీమ్ వేస్తే ఆ వెలుగు తిరిగి మన కళ్ళలోనే పడుతుంది.

చట్టం మాట కూడా చెప్పాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5000 రూపాయల జరిమానా గాని, 6 నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు.

మరి లైటు నిజంగానే చాలకపోతే?

ముందుగా తడిగుడ్డతో డూమ్ అద్దం తుడవండి. నవ్వకండి, దుమ్ము, పురుగులు, ఎండకు పసుపెక్కిన ప్లాస్టిక్ చాలా వెలుగును మింగేస్తాయి. తరువాత బ్యాటరీ టెర్మినళ్ళు పచ్చగా చిలుము పట్టాయేమో, ఎర్త్ తీగ వదులైందేమో మెకానిక్కుకు చూపండి. బల్బుకు అందే వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు మూడో వంతుకు దగ్గరగా తగ్గిపోతుంది. బల్బు పాతదైతే అదే వాట్ల కొత్త బల్బు వేయండి, దానికే తేడా తెలుస్తుంది.

ఆ పని ఇంట్లో చేయవచ్చు. తాళం చెవి తీసి, పావుగంట చల్లారనివ్వండి. హాలోజన్ బల్బు చేసే కాలిన గాయం చిన్నదే అయినా వేలి కొనన లోతుగా ఉంటుంది. డూమ్ స్క్రూలు విప్పి, కనెక్టరు లాగి, రబ్బరు తొడుగు, స్ప్రింగు క్లిప్పు తీసి పాతది బయటకు తీయాలి. కొత్త బల్బు గాజును వేళ్ళతో ముట్టుకోరాదు. మన చర్మపు జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి, బల్బు త్వరగా పోతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వండి. రబ్బరు తొడుగు మరువక పెట్టండి, లేకుంటే వానకు డూమ్‌లో నీరు చేరుతుంది.

ఆపైన లైటు వంపు చూసుకోవాలి. చాలామంది వదిలేసేది ఇదే. గోడకు 5 మీటర్ల దూరంలో, సమనేల మీద, బండిపై ఒకరు కూర్చొని డిమ్ వేయండి. గోడ మీద వెలుగు పై అంచు హెడ్‌లైటు మధ్య ఎత్తు కంటే రెండు మూడు అంగుళాలు కిందికి ఉండాలి. వెనుక సీటు మీద రెండు టమోటా క్రేట్లో, పాల క్యాన్లో కట్టినప్పుడు బండి ముందు భాగం లేస్తుంది, లైటు ఎదుటివారి ముఖానికి పోతుంది. రోజూ బరువు మోసేవారు ఆ బరువుతోనే సరిచూసుకోండి. క్రేటు వెనుక ఎర్ర రిఫ్లెక్టరు స్టిక్కరు ఒకటి అంటించండి, దాని ఖరీదు చాలా తక్కువ.

కుప్పం, పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం అంచు దారుల్లో వెళ్ళేవారు ఏనుగు కనబడితే లైటు కొట్టి, హారను మోగించి తరమాలని చూడకండి. దూరంగానే ఆగి వెనుకకు మళ్ళండి.

చివరిగా మా అసలు సంగతి. రెండుసార్లు బల్బు మార్చినా లైటు మసకే అని విసుగుతో వచ్చిన రైతులను మేము చూశాము. బండి మీద కుమారుణ్ణి కూర్చోబెట్టి చూపితే, "బాగానే ఉంది కదా నాయనా" అన్నాడట. మసక బండికి కాదు, కంటికి. ఎదురు లైట్ల చుట్టూ వలయాలు కనబడడం, సాయంత్రం కాగానే తడబాటు, రాత్రి ప్రయాణమంటే భయం, ఇవి శుక్లాల గుర్తులు కావచ్చు. షుగరు ఉన్నవారికి కంటి వెనుక పొర దెబ్బతినవచ్చు. పిల్లలు మసక వెలుగులో తడుముకుంటే అది విటమిన్ 'ఎ' లోపం వలన వచ్చే రేచీకటేమో చూపించాలి. మీ ఇంట్లో పెద్దవారు "లైటు చాలడం లేదు" అంటే బల్బు దుకాణానికి పోయే ముందు కంటి పరీక్షకు తీసుకురండి. పరీక్ష రోజున కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, వెలుగు చూడలేరు. ఆ రోజు బండి నడపరాదు గనుక తోడుగా ఒకరిని తెచ్చుకోండి, లేదా బస్సులో రండి.