లింకుకు రేటు కట్టిన పచ్చపట్టీ

తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో ఒకే మాటను వందలసార్లు కొట్టి పెట్టడం 1990ల నడుమ వెబ్‌సైట్లవాళ్లందరికీ తెలిసిన చిట్కా. చదివేవాడి కంటికి అక్కడ ఖాళీ జాగా తప్ప ఏమీ ఉండదు. సెర్చ్ ఇంజిన్‌కు మాత్రం ఆ మాటలన్నీ కనబడతాయి. మాట ఎక్కువసార్లు ఉన్న పేజీయే ఆ విషయానికి దగ్గరదని అది నమ్మేది, నమ్మి పైకి తెచ్చేది. 1997 నవంబరు నాటికి నాలుగు పెద్ద సెర్చ్ ఇంజిన్లలో, తన పేరు కొట్టి వెతికితే మొదటి పది ఫలితాల్లో తనను తాను చూపించుకోగలిగింది ఒక్కటేనట. ఈ సంగతిని తమ పరిశోధన పత్రంలో రాసిపెట్టినవాళ్లు స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న సెర్గీ బ్రిన్, లారీ పేజ్.

పేజీ తన గురించి తాను ఎన్నయినా చెప్పుకుంటుంది. దాని గురించి పక్కవాళ్లు ఏమంటున్నారో చూస్తే? 1996లో వాళ్లు మొదలుపెట్టిన ప్రాజెక్టుకు ‘బ్యాక్‌రబ్’ అని పేరు పెట్టడంలోనే ఆ ఆలోచన ఉంది: వెనకనుంచి వచ్చే లింకులను లెక్కించడం. మూలం మరీ కొత్తదేమీ కాదు. ఒక శాస్త్ర పత్రాన్ని తర్వాతి పత్రాలు ఎన్నిసార్లు ఉదహరించాయో లెక్కగట్టే సూచికను యూజీన్ గార్‌ఫీల్డ్ 1960లలోనే తెచ్చాడు. లింకుల మీద బ్యాక్‌రబ్ రోజుల్లోనే జాన్ క్లైన్‌బర్గ్, తర్వాత బైదూ స్థాపించిన రాబిన్ లీ కూడా విడివిడిగా పనిచేస్తున్నారు. బ్రిన్, పేజ్‌ల పద్ధతిని వివరించిన ఇంకో స్టాన్‌ఫర్డ్ పత్రం మీద ప్రొఫెసర్లు టెర్రీ వినోగ్రాడ్, రాజీవ్ మోట్వానీల పేర్లు కూడా ఉన్నాయి. పద్ధతికి పెట్టిన పేరు పేజ్‌ర్యాంక్. లారీ ఇంటిపేరు అందులో కలిసి వచ్చింది.

లెక్క ఎలా నడుస్తుందో మూడు పేజీలతో చూద్దాం. ‘అ’ అనే పేజీ ‘ఆ’కూ, ‘ఇ’కీ లింకు ఇచ్చింది. ‘ఆ’ ఒక్క ‘ఇ’కే ఇచ్చింది. ‘ఇ’ తిరిగి ‘అ’కు ఇచ్చింది. మొత్తం పది మార్కులున్నాయనుకోండి. ప్రతి పేజీ తన మార్కులను తాను లింకు ఇచ్చినవాటికి సమానంగా పంచాలి. ఇలా పంచుతూ పోతే కాసేపటికి అంకెలు కదలకుండా నిలబడిపోతాయి: ‘అ’కు 4, ‘ఆ’కు 2, ‘ఇ’కి 4. ఒక్క లింకే వచ్చినా ‘అ’కు 4 ఎందుకు దక్కాయి? ఆ ఇచ్చింది బాగా మార్కులున్న ‘ఇ’ కాబట్టి, అదీ తన మార్కులన్నీ ‘అ’కే ధారపోసింది కాబట్టి. ఎన్ని లింకులన్నది ఒక్కటే కాదు, ఎవరిచ్చారన్నదీ లెక్కలోకి వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో 32.2 కోట్ల లింకుల మీద ఈ పంపకం నడిపితే సుమారు 52 విడతల్లోనే అంకెలు కుదురుకున్నాయి.

ఒక చిక్కు మాత్రం ఉంది. రెండు పేజీలు ఒకదానికొకటే లింకు ఇచ్చుకొని బయటికి దారి మూసేస్తే, అందులోకి వెళ్లిన మార్కులు మళ్లీ బయటికి రావు. దానికి విరుగుడుగా ఒక ఊహా మనిషిని సృష్టించారు. అతను 85 శాతం సార్లు లింకు నొక్కుకుంటూ పోతాడు, మిగతా 15 శాతం సార్లు విసుగొచ్చి ఎక్కడో ఒక పేజీకి గెంతేస్తాడు. ఉచ్చు తెగింది. కానీ ఈ విరుగుడుతోనే ఇంకో తలుపు తెరుచుకుంది. ఎవరూ లింకు ఇవ్వని అనాథ పేజీకి కూడా ఆ 15 శాతంలోంచి చిటికెడు వాటా వస్తుంది. పనికిరాని పేజీలు వేలకొద్దీ పుట్టించి, అన్నిటి లింకులూ ఒక్క పేజీ వైపు తిప్పితే ఆ చిల్లరంతా దాని ఖాతాలో పోగవుతుంది. తర్వాతి కాలంలో లింకు ఫారాలు అని పేరుపడ్డవి ఈ చిల్లర మీద బతికినవే.

లింకులను డబ్బుతో కొనడం గురించి వాళ్లు ఆలోచించలేదని కాదు. ముఖ్యమైన సైట్లలో లింకులు కొనుక్కునే అవకాశం ఉందని పేజ్‌ర్యాంక్ పత్రంలోనే రాశారు. డబ్బు ఖర్చవుతుంది కాబట్టి అది అదుపులోనే ఉంటుందని కూడా రాశారు! డబ్బు పెడితే అంతకు పదింతలు వెనక్కొచ్చే బేరాన్ని ఎవరూ వదులుకోరని ఆ కుర్రాళ్లకు అప్పటికి తెలిసినట్టు లేదు.

నన్నడిగితే అసలు తప్పు మోసగాళ్లతో మొదలవలేదు. 2000 డిసెంబరులో బ్రిన్, పేజ్‌లు స్థాపించిన గూగుల్ ఒక టూల్‌బార్ విడుదల చేసింది. బ్రౌజరులో తగిలించుకుంటే చూస్తున్న పేజీ ర్యాంకు సున్నా నుంచి పది దాకా చిన్న పచ్చపట్టీగా కనిపించేది. చూసేవాళ్లకు సరదాగానే ఉండేది. కానీ లోపల గుట్టుగా ఉండాల్సిన తూకపు అంకె అంగట్లో అందరి కళ్ల ముందుకూ వచ్చేసింది. ఏడు ర్యాంకు పేజీ నుంచి లింకుకు ఒక రేటు, నాలుగుకు ఇంకో రేటు. డబ్బు లేనివాళ్లు మార్పిడికి దిగారు. మా ఇంట్లో పెళ్లికి నువ్వు చదివించు, మీ ఇంట్లో పెళ్లికి నేను చదివిస్తానన్నట్టు ‘మిత్రుల సైట్లు’ అనే పేజీలు వెలిశాయి. ఒకప్పుడు ఒక పేజీవాడు ఇంకో పేజీకి లింకు ఇస్తే అది అతనికి నచ్చిందని అర్థం. ఇప్పుడు దాని వెనక ఎంత ముట్టిందో చూడాల్సి వచ్చింది.

2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎంఎస్‌ఎన్ కలిసి ‘నోఫాలో’ అనే గుర్తు తెచ్చాయి. లింకు ఇస్తున్నాను గానీ పూచీ పడటం లేదని చెప్పే గుర్తు అది. నిజాయితీగా ఉండేవాళ్లు పెట్టుకున్నారు. అమ్ముకునేవాళ్లు ఎందుకు పెడతారు?

అంగడి ఎంత పెద్దదైందో 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. అంతకుముందు పండుగ నెలల్లో అమెరికాలో ‘డ్రెస్సులు’ అన్నా, ‘పరుపు దుప్పట్లు’ అన్నా, ‘తివాచీలు’ అన్నా గూగుల్‌లో మొదట వచ్చేది జేసీ పెన్నీ అనే దుకాణాల సంస్థే. వెనక తవ్వితే రెండు వేలకు పైగా పేజీల నుంచి లింకులు తేలాయి. అణు ఇంజినీరింగ్ పేరున్న సైటు, బల్గేరియాలో స్థలాలమ్మే సైటు, జూదం సైటు... అన్నిటిలోనూ సంబంధం లేకుండా ‘నల్ల డ్రెస్సు’ అనో ‘సాయంత్రపు డ్రెస్సు’ అనో ఒక లింకు. ఆ లింకుల సంగతి తమకు తెలియదన్న సంస్థ, సెర్చ్ పని చూస్తున్న కంపెనీని తీసేసింది. ఫిబ్రవరి 9న రాత్రి ఏడింటికి ఒక ప్రయాణపు పెట్టె పేరు కొడితే జేసీ పెన్నీది మొదటి స్థానం. రెండు గంటల తర్వాత 71.

అదే నెలలో నవనీత్ పాండా అనే ఇంజినీరు పేరిట వచ్చిన ‘పాండా’ మార్పు అమెరికాలో 11.8 శాతం వెతుకులాటల ఫలితాలను తారుమారు చేసింది. పైపై రాతలు గుట్టలుగా పోసిన సైట్ల మీద దాని గురి. కొన్న లింకుల మీదికి 2012 ఏప్రిల్ 24న ‘పెంగ్విన్’ వచ్చింది. ఇంగ్లిషు వెతుకులాటల్లో సుమారు 3.1 శాతం మీద దాని దెబ్బ. అక్కడితో వ్యాపారం తలకిందులైంది. నిన్నటిదాకా లింకు పెట్టమని బతిమాలినవాళ్లు, దయచేసి తీసేయండని ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. తీయడానికి కూడా రుసుము అడిగిన సైట్లున్నాయి! ఆ అక్టోబరులో గూగుల్ ఇంకో సాధనం ఇచ్చింది. ఒక టెక్స్ట్ ఫైలు తెరిచి, వరుసకు ఒకటి చొప్పున ‘డొమైన్’ అని రాసి, రెండు చుక్కలు పెట్టి, సైటు పేరు రాయాలి. ఇవి నావి కావు, లెక్కించకండని చెప్పుకునే జాబితా అది.

జాబితా ఇచ్చినంత మాత్రాన కష్టం తీరలేదు. పెంగ్విన్ రోజూ నడిచేది కాదు. ఎప్పుడో ఒకసారి నడిస్తేనే శిక్ష పడినవాళ్లకు విముక్తి. 2014 అక్టోబరు తర్వాత మళ్లీ 2016 సెప్టెంబరు దాకా నడవలేదు. తప్పు దిద్దుకున్న చిన్న దుకాణాలు కూడా ఆ రెండేళ్లూ చీకట్లో కూర్చున్నాయి. ఇంత ఆలస్యం మాత్రం నాకు అన్యాయంగానే తోస్తుంది. 2016లో దాన్ని నిత్యం నడిచే లెక్కలో కలిపారు, చెడ్డ లింకుకు సైటు మొత్తాన్ని శిక్షించడం కంటే ఆ లింకును పట్టించుకోకుండా వదిలేయడం వైపు మొగ్గారు. పచ్చపట్టీని పూర్తిగా పీకేసిందీ ఆ ఏడాదే.

యంత్రం మాత్రం పోలేదు. పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా పేజ్‌ర్యాంక్‌ను వాడుతున్నామని 2017లో గూగుల్ ఉద్యోగి ఒకరు బహిరంగంగానే చెప్పారు, దాని పక్కన వందల ఇతర సంకేతాలు చేరాయని కూడా. వాక్యంలో మాటల పొందికను చూసి అర్థం పట్టే ‘బర్ట్’ 2019 డిసెంబరులో డెబ్బైకి పైగా భాషలకు వచ్చింది, వాటిలో తెలుగూ ఉంది. ‘విజయవాడ నుంచి’కీ ‘విజయవాడకు’కీ తేడా తెలిసే కొద్దీ, ఒకే మాటను పదిసార్లు ఇరికించి రాసే పద్ధతికి కాలం చెల్లుతుంది.

అమీర్‌పేట డిజిటల్ మార్కెటింగ్ క్లాసుల్లో పేజీ లోపలి పనిని ‘ఆన్ పేజ్’ అనీ, బయటి లింకుల పనిని ‘ఆఫ్ పేజ్’ అనీ రెండు ముక్కలుగా చెబుతారు. రెండో ముక్కలో ఇప్పుడు ‘డీఏ’ అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. సైటు పలుకుబడికి వంద లోపు మార్కు అది. దాన్ని వేసేది బయటి కంపెనీ. ర్యాంకు ఇచ్చేటప్పుడు ఆ మార్కును తాము చూడమని గూగుల్ ఎన్నోసార్లు చెప్పింది. అయినా ‘మీ సైటుకు లింకు పెడతాం’ అంటూ వచ్చే ఈమెయిళ్లలో ముందు డీఏ అంకె ఉంటుంది, దాని పక్కన రూపాయల్లో రేటు ఉంటుంది.