పిల్లలకు తొలి రైఫిలు

పారిస్ నగరమున 2024లో జరిగిన ఒలింపిక్ క్రీడలలో స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల రైఫిలు పోటీలో కాంస్యపతకము గెలిచెను. అంతకు పూర్వము 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో అభినవ్ బింద్రా 2008లో బీజింగునందు స్వర్ణమును, హైదరాబాదు క్రీడాకారుడు గగన్ నారంగ్ 2012లో లండనునందు కాంస్యమును సాధించిరి. ఇట్టి వార్తలు చెవినిబడినప్పుడు ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఒక పన్నెండేండ్ల బిడ్డ తండ్రి దగ్గరకు పోయి, "నాయనా, నాకూ ఒక రైఫిలు కొనియ్యి" అని అడుగుట సహజమే.

తండ్రి ఏమి చేయవలెను? కాదని కసరుట సులభము. అంగడికి పోయి కంటికి ఘనముగా కనుపించినది కొనితెచ్చుటయు సులభమే. ఈ రెండును సరికావు. తొలి రైఫిలును తుపాకి బలమునుబట్టి కాక, బిడ్డ కొలతనుబట్టియు, చట్టపు హద్దునుబట్టియు ఎన్నుకొనవలెనని మేము చెప్పదలచినాము.

చిన్న కాలిబరు అను మాట మొదట తెలిసికొందము. కాలిబరు అనగా గొట్టము లోపలి వ్యాసము. స్వప్నిల్ ప్రయోగించిన రైఫిలు గొట్టము అంగుళములో నూటికి ఇరువదిరెండు వంతులు, అనగా సుమారు 5.6 మిల్లీమీటర్లు. దానిలో మందు తూటా పేలును. ఎయిర్ రైఫిలు గొట్టము 4.5 మిల్లీమీటర్లు. అందు మందు లేదు. నొక్కిపట్టిన గాలియే సీసపు రవ్వను తోయును. పోటీలలో వాడు ఎయిర్ రైఫిలు రవ్వ గొట్టము విడుచునప్పటి శక్తి సుమారు 7 లేక 8 జౌళ్లు. పాయింట్ ఇరువదిరెండు తూటా శక్తి సుమారు 140 జౌళ్లు. అది గురి తప్పినచో మైలు దూరము దాటి పోగలదు. పేరు చిన్నదైనను పని చిన్నది కాదు.

చట్టము కూడ ఈ భేదమును పాటించుచున్నది. 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము పాయింట్ ఇరువదిరెండు రైఫిలునకు లైసెన్సు కావలెను. ఇరువదియొక్క యేండ్లు నిండనివారు దానిని సొంతముగా ఉంచుకొనరాదు. శిక్షణలో మాత్రము, నిర్ణీత నిబంధనలకు లోబడి, పిన్నవారు ప్రయోగించుటకు అవకాశము కలదు. గొట్టము 4.5 మిల్లీమీటర్లును, శక్తి 20 జౌళ్లును మించని ఎయిర్ రైఫిలునకు లైసెన్సు అక్కరలేదు. ఇక్కడ ఒక పొరపాటు జరుగుచుండును. 5.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిళ్లు కూడ కలవు. "గాలి తుపాకియే గదా" యని దానిని లైసెన్సు లేక కొన్నవారు చట్టమును మీరినవారగుదురు. కావున బిడ్డకు తొలి రైఫిలు 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిలే. కొన్న రసీదును భద్రపరచవలెను.

ఇక కొలత మాట. ఎమ్మిగనూరు నేతగాండ్రు ఎరుగుదురు: మగ్గపు గుంట లోతు నేయువాని కాళ్లకు సరిపడకున్నచో నడుము పట్టును, నేత చెడును. రైఫిలు సంగతియు అంతే. తుపాకి మడమను బిడ్డ మోచేతి మడతలో ఆనించి, ముంజేతిని గొట్టమువైపు చాపి చూడవలెను. చూపుడువ్రేలి మొదటి కణుపు మీటకు తేలికగా అందవలెను. అందకున్నచో రైఫిలు పొడవెక్కువ. పిదప భుజమున కెత్తించి, కనులు మూసి తెరువుమనవలెను. మెడ సాచకయే గురిచూపులో నుండి లక్ష్యము కనుపడినచో కొలత కుదిరినట్లు. మడమ పొడవు తగ్గించుటకును పెంచుటకును వీలున్న రైఫిలు, ఎదుగు బిడ్డకు నాలుగేండ్లు పనికివచ్చును.

బరువును అట్లే చూడవలెను. పోటీ రైఫిలు 5.5 కిలోల వరకు ఉండవచ్చును. అది పెద్దల బరువు. బిడ్డ రైఫిలును ఎత్తి ఒక నిమిషము నిలిపినప్పుడు గొట్టము వాలిపోవుచున్నను, నడుము వెనుకకు వంగుచున్నను ఆ రైఫిలు వలదు. బిడ్డలకని చేసిన రైఫిళ్లు మూడు మూడున్నర కిలోలలో దొరకును. గొట్టమును విరిచి స్ప్రింగును బిగించు రకమైనచో, బిడ్డ తన బలముతోనే బిగించగలుగుచున్నదో లేదో చూడవలెను. బిగించునప్పుడు చేయి జారిన వ్రేళ్లు నలుగును.

మరియొక పరీక్ష. రెండు అరచేతుల నడుమ చిన్న సందు చేసి దూరపు వస్తువును చూపుమనవలెను. ఒక్కొక్క కన్ను మూసినప్పుడు, ఏ కంటికి ఆ వస్తువు సందులో నిలుచునో అదియే ప్రధానమైన కన్ను. కుడిచేతి బిడ్డకు ఎడమకన్ను ప్రధానమైనచో కొనుటకు ముందే శిక్షకుని అడుగుట మంచిది.

పది మీటర్ల లక్ష్యమున పది మార్కుల చుక్క వ్యాసము అర మిల్లీమీటరు మాత్రమే. దానిని కొట్టునది బలము కాదు, నిశ్చలత. వినికిడి లేని హైదరాబాదు యువకుడు ధనుష్ శ్రీకాంత్ బధిరుల ఒలింపిక్సులో 2022లో ఈ పోటీయందే స్వర్ణము గెలిచెను.

కొన్న పిమ్మట ఎక్కడ పేల్చవలెను? మన ప్రాంతమున ఇది ముఖ్యమైన ప్రశ్న. ఆదోని చుట్టును కొండలు, గుండ్లు, ఇండ్లకు రాతిగోడలు. రాతికి తగిలిన సీసపు రవ్వ వెనుకకు ఎగిరి కంటికి తగులవచ్చును. లక్ష్యము వెనుక రాయి ఉండరాదు. ఇసుక బస్తాలు ఉండవలెను. కండ్లకు అద్దములు తప్పనిసరి. గొట్టమును ఎన్నడును మనుష్యులవైపు త్రిప్పరాదు; ఖాళీయని తెలిసినను నిండియున్నట్లే చూడవలెను; గురి కుదిరినదాక వ్రేలు మీటమీద పెట్టరాదు. సీసము విషము గనుక పని ముగియగానే చేతులు కడుగవలెను. రైఫిలు తాళములో, రవ్వలు వేరొకచోట, తాళపుచెవి పెద్దల చేతిలో ఉండవలెను.

పిట్టలను, ఉడుతలను కొట్టుట మొదటినుండియు మాన్పింపవలెను. చేలలోనికి వచ్చు కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని కాపాడుచున్నది. పంట పాడైనను తుపాకి ఎత్తుట నేరమే. కాగితపు చుక్కకు తప్ప మరి దేనికిని గురిపెట్టరాదని నేర్చిన బిడ్డయే పోటీలకు అర్హత గలది.

పాయింట్ ఇరువదిరెండు రైఫిలు ముట్టవలెనను కోరిక తీరు త్రోవయు కలదు. 1948 చట్టముతో ఏర్పడిన ఎన్.సి.సి.లో చేరిన విద్యార్థులకు, అధికారుల ఎదుట, 25 గజముల దూరమున ఆ రైఫిలు పేల్చుట నేర్పుదురు. ఖర్చు లేదు, సొంత తుపాకి అక్కరలేదు. బిడ్డకు నిజముగా ఆసక్తి గలదో, వారము దినముల సరదాయో అక్కడ తేలిపోవును.

కావున తలిదండ్రులు మొదట బిడ్డను శిక్షణకు పంపి, అరువు రైఫిలుతో కొన్ని నెలలు పేల్పించి, తరువాతనే అంగడికి పోవలెనని మా సలహా. అంగడికి బిడ్డను వెంటబెట్టుకొని పొండు. బిడ్డ లేకుండ కొన్న చెప్పులు కాలికి సరిపడకున్న మార్చుకొనవచ్చును. సరిపడని రైఫిలుతో అలవడిన తప్పు భంగిమను మార్చుకొనుట అంత సులభము కాదు.